మూడో సిలిండర్లో మిస్సింగ్

విజయనగరం ఊళ్లో తిరిగినంతసేపు మా కారుకి ఏ జబ్బూ ఉన్నట్టు తెలిసేది కాదు. మూడు లాంతర్ల దగ్గర ట్రాఫిక్‌లో ఆగినా, కోట చుట్టూ మెల్లగా తిరిగినా, గజపతినగరం వైపు మా స్కూలుకి రోజూ వెళ్లి వచ్చినా బుద్ధిగానే ఉండేది. సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కేటప్పుడే దాని అసలు రంగు బయటపడింది. అయిదుగురం కూర్చుని, డిక్కీ నిండా సామాను వేసుకుని, మూడో గేర్లో యాక్సిలరేటర్ తొక్కితే బండి లాగాల్సింది పోయి, వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని గుంజుతున్నట్టు ఆగి ఆగి కదిలింది. ఆ కుదుపుతోపాటే మీటర్‌లో పసుప్పచ్చ ఇంజిన్ లైటు టపటపా కొట్టుకుంది. కాలు తీయగానే కొట్టుకోవడం మానేసి నిలకడగా వెలిగింది.

ఆ లైటు వెలగడం వేరు, కొట్టుకోవడం వేరు. నిలకడగా వెలిగితే వీలు చూసుకుని బండి చూపించుకోవచ్చు. కొట్టుకుంటే మాత్రం ఏదో ఒక సిలిండర్లో పెట్రోలు మండకుండా పచ్చిగా ఎగ్జాస్ట్‌లోకి పోతోందని అర్థం. అది వెళ్లి, పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్లో మండుతుంది. లోపలి పింగాణీ దిమ్మ మితిమీరి వేడెక్కి, చివరికి కరిగిపోయే ప్రమాదం కూడా ఉంది. సిలిండర్లో నిప్పురవ్వ పుట్టించే ఒక ప్లగ్గు ధర ఎంత, ఒక కన్వర్టర్ ధర ఎంత అని ఎవర్నైనా అడిగితే, లైటు కొట్టుకుంటున్నప్పుడు కాలు ఎందుకు తీయాలో వేరే చెప్పక్కర్లేదు. మిగతా ఘాట్ అంతా రెండో గేర్లో, పాదం ఆనీ ఆనకుండా ఎక్కించాను. వెనకున్న లారీల వాళ్లు హారన్ కొడుతూనే ఉన్నారు. వాళ్ల తొందర వాళ్లది.

ఇంటికొచ్చాక సలహాలకి కొదవలేదు. "పెట్రోల్లో నీళ్లు కలిశాయి" అని మా ఆయన తేల్చేశారు. "ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నప్పట్నుంచి ఏ బండీ బాగోలేదమ్మా" అని ఎదురింటి మాస్టారు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుందన్నది నిజమే. ట్యాంకులోకి నీరు చేరితే అది నీటితో కలిసి అడుక్కి దిగిపోతుంది, అప్పుడు బండి మొరాయిస్తుంది. కాకపోతే ట్యాంకు ఒక్కటే, దానిలోంచి వెళ్లే పైపూ ఒక్కటే. పెట్రోలు పాడైతే నాలుగు సిలిండర్లకీ పాడవ్వాలి. అదో ఇదో తేలాలంటే తప్పు అన్నిట్లో ఉందా, ఒక్కదాంట్లోనే ఉందా అన్నది ముందు తెలియాలి.

సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టి చూశారు. ప్లగ్గులకి ఎక్కువ వోల్టేజి ఇచ్చే కాయిళ్లు నాలుగు, నాలుగు ప్లగ్గులు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల క్లీనింగ్, త్రాటిల్ బాడీ క్లీనింగ్ అని ఎస్టిమేట్ కాగితం చేతిలో పెట్టారు. మొత్తం ఇరవై వేలు దాటింది. "ఇందులో పోయింది ఏదండీ?" అని నేను అడిగితే, "అన్నీ మార్చేస్తే ఇంక టెన్షనే ఉండదు సార్" అని మా ఆయన వైపు తిరిగి జవాబిచ్చారు. బండి నాది, తోలేది నేను, అడిగింది నేను. సరే, అది ఇప్పటి సంగతి కాదు. నేను ఫిజిక్స్ టీచర్ని. ల్యాబ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలు రెండు వైర్లు ఒకేసారి మార్చినా కోప్పడతాను. నాలుగు రకాల పనులు ఒకేసారి చేసేస్తే బండి బాగుపడొచ్చు, ఏం పాడైందో మాత్రం ఎప్పటికీ తెలియదు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను.

ఆన్‌లైన్లో వెయ్యి రూపాయల లోపు దొరికే ఈఎల్ఎం327 బ్లూటూత్ అడాప్టర్ ఒకటి తెప్పించాను. స్టీరింగ్ కింద, మోకాలి దగ్గర పదహారు పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటుంది. దాంట్లో గుచ్చి, ఫోన్లో యాప్ తెరిస్తే బండి లోపల దాచుకున్నవన్నీ చదివి చూపిస్తుంది. రెండు కోడ్లు వచ్చాయి. ఒకటి పి0300, అంటే మిస్‌ఫైర్ (సిలిండర్ మండకుండా తప్పడం) ఉంది గానీ ఒక చోటని కచ్చితంగా చెప్పలేనని. రెండోది పి0303, అంటే మూడో సిలిండర్లో అని. చివరి అంకె సిలిండర్ నంబరు.

మూడోదని బండికి ఎలా తెలుస్తుందో నాకు కోడ్ కంటే ఆసక్తిగా అనిపించింది. నాలుగు సిలిండర్ల ఇంజిన్లో క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, అర చుట్టు తిరిగేసరికి ఒక సిలిండర్ మండి దాన్ని ముందుకు తోస్తుంది. మా దాంట్లో వరస 1, 3, 4, 2. నిమిషానికి 2,400 చుట్లు తిరిగే ఇంజిన్లో సెకనుకి 80 సార్లు ఇలా మండాలి. క్రాంక్‌కి ఉన్న పళ్ల చక్రం పక్కనే ఒక సెన్సర్ కూర్చుని పన్ను పన్నుకీ మధ్య కాలం కొలుస్తుంటుంది. ఒక సిలిండర్ మండకపోతే ఆ అర చుట్టు రవ్వంత ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం ఎవరి వంతులో వచ్చిందో చూసి ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, ఆ సిలిండర్ పేరు రాసుకుంటుంది. గుంతల రోడ్డు మీద చక్రాల కుదుపు కూడా క్రాంక్ దాకా పాకుతుంది కాబట్టి, అలాంటప్పుడు లెక్క ఆపేసే ఏర్పాటు చాలా కార్లలో ఉంటుంది. మా స్కూలు రోడ్డు మీద ఈసీయూకి రోజులో సగం సెలవే అన్నమాట.

అంటే కోడ్ చెప్పేది ఎక్కడ అన్నది ఒక్కటే. ఎందుకు అన్నది చెప్పదు. నిప్పు రాకపోవచ్చు, పెట్రోలు రాకపోవచ్చు, లేదా లోపల కంప్రెషన్, అంటే గాలిని నొక్కిపట్టే బిగువు, లేకపోవచ్చు. ఈ మూడింట్లో ఏదో తేల్చుకోవడమే అసలు పని.

కోడ్ పడిన క్షణాన బండి ఎలా ఉందో కూడా ఈసీయూ ఒక ఫొటో తీసినట్టు దాచుకుంటుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. మాది చూస్తే 2,300 చుట్లు, లోడ్ 86 శాతం, కూలెంట్ 91 డిగ్రీలు. అంటే ఇంజిన్ బాగా వేడెక్కి, బరువు లాగుతున్నప్పుడు. మెకానిక్ దగ్గరికి వెళ్లేవాళ్లు ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం మంచిది. కోడ్ చెరిపేస్తే అదీ చెరిగిపోతుంది.

తర్వాత ఫ్యూయల్ ట్రిమ్ చూశాను. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని బట్టి ఈసీయూ పెట్రోలు ఎంత పెంచుతోందో, ఎంత తగ్గిస్తోందో చెప్పే శాతం అది. ఇన్‌టేక్‌లో ఎక్కడైనా గాలి దొంగతనంగా దూరుతుంటే ఐడ్లింగ్‌లో ఆ శాతం బాగా పెరిగి, రేసు ఇస్తే తగ్గుతుంది. ఫిల్టరో, పంపో సరిగా ఇవ్వకపోతే బరువు మీద పెరుగుతుంది. మాది ఐడ్లింగ్‌లో 2, రేసులో 3 చుట్టూనే తిరిగింది. పదికి ఇటూ అటూ ఉంటే కంగారు పడక్కర్లేదంటారు. ఇది కుదుపు లేనప్పుడు చూసుకోవాలి. మిస్‌ఫైర్ అవుతుంటే మండని ఆక్సిజన్ కూడా సెన్సర్ దాకా వెళ్లి లెక్క తారుమారు చేస్తుంది. గాలి లీకూ, పెట్రోలూ రెండూ అక్కడితో నా జాబితాలోంచి కిందికి జారాయి. మా ఆయనకి ఇది పెద్దగా నచ్చలేదు.

ఐడ్లింగ్‌లో ఇంజిన్ తిరుగుతుండగా ఒక్కో కాయిల్ కనెక్టర్ ఊడదీసి చుట్లు ఎంత పడిపోతాయో చూశాను. పనిచెయ్యని సిలిండర్ అయితే ఊడదీసినా తేడా రాదు. నాలుగూ సమానంగానే పడ్డాయి. ఈ పరీక్షలో ఊడదీయాల్సింది చిన్న కనెక్టర్నే. తిరుగుతున్న ఇంజిన్ మీంచి కాయిల్‌ని పైకి లాగకూడదు. దానిలోంచి వచ్చేది వేల వోల్టులు. ఒక్కోదీ కొన్ని సెకన్లే ఉంచాలి కూడా, లేకపోతే ఆ పచ్చి పెట్రోలు మళ్లీ కన్వర్టర్లోకే.

నింపాదిగా ఉన్నప్పుడు మూడోది బాగా మండుతోంది, బరువు పడితే మండటం లేదు. ఫిజిక్స్ చదివినవాళ్లకి ఇక్కడ పాషెన్ అనే శాస్త్రవేత్త గుర్తుకు రావాలి. రెండు లోహాల మధ్య నిప్పురవ్వ దూకడానికి కావలసిన వోల్టేజి, మధ్య ఖాళీ మీదా, అక్కడి వాయు పీడనం మీదా ఆధారపడుతుందని ఆయన 1889లోనే చెప్పాడు. యాక్సిలరేటర్ తొక్కితే సిలిండర్లోకి ఎక్కువ గాలి చేరి పీడనం పెరుగుతుంది. ప్లగ్ గ్యాప్ మధ్య దూకడం కష్టమవుతుంది. కాయిల్ ఇంకా ఎక్కువ వోల్టేజికి పోతుంది. దారిలో ఎక్కడైనా అంతకంటే తేలికైన సందు దొరికిందా, కరెంటు అటే పోతుంది. అనుమానమంతా నిప్పు వైపుకే తిరిగింది.

సిలిండర్ల మధ్య కాయిళ్లు మార్చి చూడటం పైసా ఖర్చు లేని పరీక్ష. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, మూడో కాయిల్ ఒకటోదాంట్లో, ఒకటోది మూడోదాంట్లో పెట్టాను. తీసేటప్పుడు మూడోదాని రబ్బరు బూటు (ప్లగ్గు మీద కూర్చునే తొడుగు) కింది అంచున నూనె మెరిసింది. ఒకటోది పొడిగా ఉంది. అది కాగితం మీద రాసుకున్నాను. కోడ్లు చెరిపి, మా పుట్టింటికి వెళ్లే వంకతో బరువేసుకుని మళ్లీ ఘాట్ ఎక్కాను. తప్పు కాయిల్‌దైతే పి0301 రావాలి. కాకపోతే పి0303 అలాగే ఉండాలి. ఇంత సూటి ప్రశ్నకి రెండూ వచ్చాయి. పి0301, పి0303, వాటి వెనకాలే పి0300.

పుట్టిల్లు సాలూరు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు అది పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది గానీ, మా నోటికి ఇంకా విజయనగరం జిల్లా సాలూరే. లారీలకి, లారీ పనులకి పేరున్న ఊరు. డీజిల్ బళ్లకి స్పార్క్ ప్లగ్గులుండవు కాబట్టి నాకు అక్కడ పనయ్యే మనిషి దొరుకుతాడనుకోలేదు. మా తమ్ముడు మాత్రం ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాడు. అరవై దాటిన మనిషి, కుర్రతనమంతా అంబాసిడర్ పెట్రోలు ఇంజిన్ల మీద చెయ్యి తిరిగినవాడు. మేం బాబాయ్ అనే పిలుస్తాం.

నేను చేసినవన్నీ విన్నాడు. స్కానర్ అంకెల దగ్గర ఊ కొట్టాడు గానీ, రెండు కోడ్లు వచ్చాయనగానే నవ్వాడు.

"నువ్వు కాయిల్ మార్సినావు గానీ టీచరమ్మా, దాని రబ్బరు బూటు కూడా దాంతోనే వచ్చీసింది కదా. ప్లగ్గు మాత్రం అక్కడే ఉండిపోనాది. సగం జబ్బు ఇటు, సగం అటు. తియ్ చూద్దాం."

ఇంజిన్ చల్లారే దాకా టీ తాగాం. ఆ తర్వాత ఆయన చేసిన పని నెమ్మదిగా, ముచ్చటగా ఉంది. మూడో కాయిల్ తీసి, టార్చి వేసి గుంతలోకి చూపించాడు. అడుగున ప్లగ్గు చుట్టూ నల్లటి నూనె, అర స్పూను ఉంటుందేమో. అలాగే ప్లగ్గు విప్పితే ఆ నూనె, దాంతోపాటు ఇసుకా సిలిండర్లోకి దిగిపోతాయి. అందుకని పొడుగాటి స్క్రూడ్రైవర్‌కి పాత బనీను గుడ్డ చుట్టి, మళ్లీ మళ్లీ అద్ది పీల్పించాడు. సైకిలు పంపు గొట్టం పెట్టి మిగిలిన దుమ్ము ఊదేశాడు. అప్పుడు ప్లగ్ పానా దింపాడు.

ప్లగ్గు బయటికొచ్చాక అందరం ముందు చూసేది కొనని. అక్కడ ఏమీ లేదు. లేత గోధుమరంగు, ఆరోగ్యంగా మండిన ప్లగ్గుకి ఉండాల్సిన రంగే. బాబాయ్ దాన్ని అటు తిప్పలేదు. తెల్ల పింగాణీ భాగాన్ని గుడ్డతో తుడిచి, ఎండకేసి మెల్లగా తిప్పాడు. పై లోహపు టోపీ దగ్గర్నుంచి కింద షడ్భుజి దాకా పెన్సిల్‌తో గీసినంత సన్నటి నల్ల గీత. గోటితో గీకితే పోలేదు. తర్వాత, ఒకటో సిలిండర్లో నేను పెట్టిన కాయిల్ తీసి, దాని రబ్బరు బూటుని లోపలి వైపు కనబడేలా వెనక్కి మడిచాడు. అక్కడా అలాంటిదే మరో గీత, చుట్టూ రబ్బరు బూడిదరంగుకి తిరిగి, నూనెకి నాని ఉబ్బి ఉంది.

కార్బన్ ట్రాక్ అంటారు దీన్ని. నూనె రబ్బరుని పాడుచేసింది. పాడైన రబ్బరు పింగాణీని గట్టిగా పట్టుకోలేకపోయింది. బరువు మీద వోల్టేజి పెరిగినప్పుడు కరెంటు కొన దగ్గర దూకకుండా, ఆ సందులోంచి పింగాణీ మీదుగా ఇంజిన్‌లోకి దిగిపోయింది. దిగిన ప్రతిసారీ దారి కాస్త నల్లబడింది. కార్బన్ కరెంటుని పారనిస్తుంది కాబట్టి మరుసటిసారి ఇంకా తేలిక. గీత ప్లగ్గు మీదా పడింది, దానికి ఎదురుగా బూటు లోపలా పడింది. నేను కాయిల్ మార్చినప్పుడు పాడైన బూటు మంచి ప్లగ్గు మీద కూర్చుని ఒకటోదాంట్లో తప్పింది, పాడైన ప్లగ్గు మంచి బూటు కింద ఉండి మూడోదాంట్లో తప్పింది. రెండు కోడ్ల లెక్క అక్కడ తేలింది. ఒట్టి ప్లగ్గు మార్చి పాత బూటు ఉంచేస్తే, కొత్త ప్లగ్గు మీద కూడా కొన్నాళ్లకి గీత పడుతుంది. చాలామందికి ప్లగ్గులు మార్చిన కొత్తలో బాగుండి మళ్లీ మొదలవడానికి ఇదొక కారణం.

ఒకే కాయిల్ కరెంటుని ప్లగ్గులన్నిటికీ పంచే డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత బళ్లలో ఇదే గీత క్యాప్ లోపల పడేదట. వానాకాలం రాత్రుళ్లు బానెట్ ఎత్తి, లైట్లన్నీ ఆర్పించి, వైర్ల మీద కాసిని నీళ్లు చిలకరించేవారట. "నీలంగా మెరిసేది ఎక్కడో అక్కడే తప్పు. ఇప్పుడు అంతా గోతిలో పెట్టీసినారు, ఏటి కనబడుతుంది?" అని ఆయన కొత్త ఇంజిన్ల మీద కాస్త విసుక్కున్నాడు. ఆయన విసుగులో న్యాయం ఉందనే నాకూ అనిపించింది.

గీత దొరికిందని అక్కడితో ఆపలేదు. ప్లగ్గులు నాలుగూ ఎలాగూ బయట ఉన్నాయి కదా అని కంప్రెషన్ చూశాడు. పెట్రోల్ పంపు ఫ్యూజు పీకి, కాయిల్ కనెక్టర్లు తీసేసి, నన్ను యాక్సిలరేటర్ నేలకి ఆనేలా తొక్కి సెల్ఫ్ కొట్టమన్నాడు. నాలుగూ 170, 178 పీఎస్ఐ మధ్యే ఉన్నాయి. అంకె ఎంతన్నది ఒక ఎత్తయితే, నాలుగూ దగ్గర దగ్గరగా ఉండటం ఇంకో ఎత్తు. వాల్వులు, రింగులు, హెడ్ ప్యాకింగ్ మీద అనుమానం పోయింది. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసే వీలయ్యాక, పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజెక్టర్ మీద, పిడి చెవి దగ్గర పెట్టి నాలుగూ ఒకేలా టిక్కుమంటున్నాయో లేదో నన్నే వినమన్నాడు. విన్నాను. ఒకేలా ఉన్నాయి.

మిగిలింది నూనె. సిలిండర్ హెడ్ మీద ట్యాపెట్ కవర్ ఉంటుంది. ప్లగ్గు గుంతలు దానిలోంచే కిందికి దిగుతాయి. ఒక్కో గుంత చుట్టూ ఒక రబ్బరు సీల్, పైనున్న ఇంజిన్ ఆయిల్ గుంతలోకి రాకుండా ఆపుతుంది. ఏళ్ల తరబడి వేడికి అది గట్టిపడి గాజులా అయిపోతుంది. మూడోది వేలితో నొక్కితే అంచు పుట్టుక్కున విరిగింది. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ సెట్, దాంతోపాటు వచ్చే సీల్స్, నాలుగు ప్లగ్గులు, ఒక రబ్బరు బూటు. సామాను విజయనగరం నుంచి తమ్ముడు తెచ్చాడు. సర్వీస్ సెంటర్ ఇచ్చిన కాగితంలో ప్లగ్గులున్నాయి, కాయిళ్లున్నాయి, ఈ సీల్ మాత్రం లేదు. ఆ ఇరవై వేలూ పెట్టుంటే కొత్త కాయిళ్లు, కొత్త ప్లగ్గులు తీసుకెళ్లి అదే నూనెలో ముంచేవాళ్లు.

బిగించడంలో కూడా ఆయన తొందరపడలేదు. కొత్త ప్లగ్గుల గ్యాప్ ఫీలర్ గేజ్‌తో చూసి, మొదటి చుట్లు పానా లేకుండా చేతి వేళ్లతోనే తిప్పాడు. హెడ్ అల్యూమినియంది కదా, మర అడ్డంగా పడితే అదో పెద్ద ఖర్చు. చివర్లో టార్క్ రెంచ్ వాడాడు. ట్యాపెట్ కవర్ బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి బయటికి, కొంచెం కొంచెంగా బిగించాడు. ఒక మూల ముందే బిగించేస్తే కొత్త ప్యాకింగ్ కూడా కారుతుందట. బూటు లోపల, కరెంటు పారనివ్వని డైఎలెక్ట్రిక్ గ్రీజు సన్నగా పూశాడు. కూలీతో కలిపి మొత్తం అయిదు వేల లోపే అయింది.

అది సిరిమానోత్సవానికి ముందు రోజులు. విజయనగరంలో ఇంటినిండా చుట్టాలు. పండగ అయిపోయాక, దిగబెట్టే నెపంతో వాళ్లనే బరువుగా ఎక్కించుకుని సుంకి ఘాట్‌లో పరీక్ష పెట్టాను. ఇదివరకు కుదిపిన మలుపుల్లోనే, మూడో గేర్లోనే, కావాలని గట్టిగా తొక్కాను. లైటు రాలేదు. లైటు రాకపోవడం ఒక్కటే నాకు చాలలేదు. కొద్దిగా తప్పుతున్నా కోడ్ పడేదాకా లైటు రాదు. మోడ్ 06 అని ఇంకో పేజీ ఉంటుంది. అది చూపించే బళ్లలో సిలిండర్ వారీగా ఎన్ని మిస్‌ఫైర్‌లో లెక్క కనిపిస్తుంది. పైకి ఎక్కాక పక్కకి ఆపి చూశాను. నాలుగు చోట్లా సున్నా. కన్వర్టర్ తర్వాత ఉన్న ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజి కూడా ఎగిరెగిరి పడకుండా 0.7 దగ్గర నిలకడగా ఉంది. ఇన్నాళ్ల పచ్చి పెట్రోలుకి కన్వర్టర్ పోలేదన్నమాట. కన్వర్టర్ పనితనం తగ్గిందని చెప్పే పి0420 కోడ్ వస్తుందేమోనని లోపల ఒక భయం ఉండేది, అదీ తీరింది.

నెల గడిచాక బాబాయ్ చెప్పినట్టే కాయిళ్లు తీసి నాలుగు గుంతల్లోకీ టార్చి వేసి చూశాను. పొడిగా ఉన్నాయి. ట్యాపెట్ కవర్ వెనక మూల మీద చిన్న చెమ్మ కనిపిస్తే తుడిచి, మళ్లీ వారానికి చూశాను, కొత్తగా ఏమీ రాలేదు.